ఉప్పునీటి తొట్టిలో పిలువని చుట్టములు

సముద్రజీవులను గాజుతొట్టిలో పెంచువారు అందు పగడపుదిబ్బలనుండి తెచ్చిన రాళ్లను అమర్చుదురు. వీనిని సజీవశిల లందురు. రాతికి ప్రాణమేమని మన విద్యార్థులు నవ్వవచ్చును. ప్రాణము రాతికి గాదు, దాని రంధ్రములలో కాపురమున్న సూక్ష్మజీవులకు. చేపలు విడుచు మలినమునందలి అమ్మోనియాను అవియే హాని తక్కువ పదార్థములుగా మార్చును. అయితే ఆ రంధ్రములలోనే, యజమాని వెలయిచ్చి కొనని ప్రాణులును కొన్ని దాగివచ్చును. వీనిని గుర్తింపకమునుపే చంపబూనినచో, అవి చేయు కీడుకంటె మనము చేసికొను కీడే హెచ్చు కావచ్చును.

రాత్రి తొట్టిదీపము లార్పి, ఎఱ్ఱకాగితము చుట్టిన టార్చిలైటుతో చూడవలయును. గొంగళిపురుగులవలె ఇరుప్రక్కల రోమములుగల పురుగులు ప్రాకుచుండును. చూచుటకు రోతయే గాని వీనిలో పెక్కు జాతులు మిగిలిన మేతను, చచ్చిన జీవులను తిని అడుగును శుభ్రపరచును. వట్టిచేతితో మాత్రము ముట్టరాదు. రోమములు చర్మమున గ్రుచ్చుకొని మంటపెట్టును. అవి మితిమీరి పెరిగినచో మేత ఎక్కువగా పడుచున్నదని యర్థము.

ఐప్టేసియా యను సముద్రపుష్పము సంగతి వేఱు. గోధుమవన్నె కాడ, సన్నని కేసరములవంటి స్పర్శాంగములు కలిగి కంటి కింపుగా నుండును. కాని ప్రక్కనున్న పగడములను కుట్టి చంపును. గీకివేసినచో రాతి నంటియున్న చిన్న తునకనుండియే మఱల మొలచును. కావున సున్నమును నీటితో ముద్దగాచేసి, సన్నని పిచికారితో దాని నోటిపై కొంచెము వేయుదురు. బెర్గియా యను చిప్పలేని నత్త దీనినే తిని బ్రతుకును. తొట్టిలో ఐప్టేసియా ముగిసినచో పాపము ఆ నత్తయు ఆకలిచే చచ్చును.

2009లో ఇంగ్లండు దేశపు కార్న్‌వాల్ సీమలో, న్యూకీ పట్టణమునందలి బ్లూ రీఫ్ అక్వేరియములో పగడములు తునుకలై పడుచుండెను. దొంగ యెవరో తెలియలేదు. బోనులు పెట్టియు ప్రయోజనము లేక, తుదకు రాళ్లను ఒక్కొక్కటిగా తీయగా, ఇంచుమించు నాలుగడుగుల పొడవుగల సముద్రపు పురుగు బయటపడెను! దానిని చంపక వేఱొక తొట్టిలో నుంచిరి.

ఇట్టి తిప్పలు లేకుండ, క్రొత్త రాతిని కొన్ని వారములు విడిగా నొక తొట్టిలో నుంచి పరీక్షించుట మేలు. ఉప్పు హెచ్చుగానున్న నీటిలో కొంచెముసేపు ముంచినచో పీతలు, మాంటిస్ రొయ్యలు తామే వెలికి వచ్చును. చిటుక్కుమను శబ్దము రాత్రివేళ తఱచు వినవచ్చుచున్నచో ఆ రొయ్యను అనుమానింపవచ్చును. దాని దెబ్బకు నత్తగుల్లలు పగులును గనుక వ్రేలు దగ్గఱకు పోనీయరాదు.

పురుగులన్నియు చచ్చునని రాతిని ఉడుకబెట్టువారు కలరు. ఇది ప్రాణాపాయకరము. రాతిపై పెరుగు జోయాంథిడ్ జాతులు కొన్నింట పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. ఆవిరితో కూడి అది ఊపిరితిత్తులలో చొచ్చుటచే ఇంటిల్లిపాదియు ఆసుపత్రి పాలైన సందర్భములు గలవు. అట్టి రాతిని పొడిగానున్నప్పుడు గీకుటయు, వేడినీటితో కడుగుటయు కూడదు. తాకవలసివచ్చినచో చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు ధరింపవలయును.