సర్కారు సొత్తు – దొంగబుద్ధి

ప్రభుత్వపు సొత్తును తీసికొనుటయే నేరమగునా, లేక దొంగబుద్ధియు రుజువు కావలెనా? అమెరికా సంయుక్త రాష్ట్రముల సుప్రీం కోర్టు 1952లో ఈ ప్రశ్నకు బదులు చెప్పినది.

ఆ దేశపు ఫెడరల్ శిక్షాస్మృతిలో 641వ సెక్షను ప్రభుత్వపు సొమ్మును దొంగిలించుటను, నమ్మి అప్పగించిన దానిని కాజేయుటను శిక్షించును. గిడ్డంగి తాళము పగులగొట్టినవాడును, తాళపుచెవి తన చేతనే యుండగా సరకు దాటించిన ఉద్యోగియు ఈ సెక్షను క్రిందికే వత్తురు. సొత్తు విలువ 1,000 డాలర్లు మించినచో 10 ఏండ్ల వరకును, మించనిచో ఒక యేడు వరకును కారాగారవాసము విధింపవచ్చును.

1948 డిసెంబరులో జోసెఫ్ మోరిసెట్ అను నతడు మిషిగన్ రాష్ట్రమున జింకల వేటకు పోయెను. చలికాలమున పాత యినుము ఏరి అమ్ముకొనుట అతని వృత్తి. విమానదళమువారు బాంబులు వేయుట అభ్యసించు నేలపై ఖాళీ బాంబుతొడుగులు కుప్పలుగా తుప్పుపట్టి పడియుండెను. అతడు పట్టపగలే మూడు టన్నుల తొడుగులను లారీ కెత్తి, అమ్మి, 84 డాలర్లు గడించెను. అవి పారవేసినవే యని తాను నమ్మితినని అతని వాదము. ఆ నమ్మకమును జూరీ లెక్కింపనక్కరలేదని విచారణ న్యాయమూర్తి త్రోసివేసెను. రెండు నెలల ఖైదు లేక 200 డాలర్ల జుల్మానా విధింపబడెను.

సుప్రీం కోర్టు ఆ తీర్పును రద్దు చేసినది. దొంగతనము అనాదిగా దురుద్దేశముతో ముడిపడిన నేరమనియు, శాసనమున ఆ మాట లేనంతమాత్రమున ఉద్దేశము అనవసరము కాదనియు న్యాయమూర్తి రాబర్ట్ జాక్సన్ వ్రాసెను. అనుకొంటినన్న ప్రతివాడును తప్పించుకొనునని మనము భ్రమపడరాదు. ఆ మాట నిజమో బొంకో తేల్చు భారము జూరీది. దానిని తేల్చకయే శిక్షింపరాదనుటయే ఈ తీర్పు సారము.