పొగ మింగే చిన్న వాల్వు

కారు పొగ వెనక సైలెన్సర్ నుంచే వస్తుందని మనం అనుకుంటాం. కానీ పూర్వం కార్లలో ఇంజన్ పొట్టలోంచి కూడా పొగ బయటికి పోయేది. దాన్ని ఆపడానికి పెట్టిందే పి.సి.వి. వాల్వు. చూస్తే బొటనవేలంత ఉంటుంది. దాన్ని ఎలా పరీక్షించాలో సెలవుల్లో మా మామయ్య షెడ్డులో నేర్చుకున్నాను.

పెట్రోల్ మండినప్పుడు కొంత గ్యాస్ పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద ఆయిల్ చాంబరులోకి జారుతుంది. అందులో మండని పెట్రోల్ ఆవిరి, నీటి ఆవిరి ఉంటాయి. వెనకటికి దీన్ని ఒక గొట్టం పెట్టి గాలిలోకి వదిలేసేవారు. అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరాన్ని కార్ల పొగ కమ్మేసి జనానికి కళ్ళు మండేవి. అందుకే 1961లో కాలిఫోర్నియా రాష్ట్రంలో కొత్త కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు.

వాల్వు లోపల ఒక స్ప్రింగు, ఒక చిన్న ముక్క ఉంటాయి. ఇంజన్ గాలి పీల్చే ఊపుతో చాంబరులోని గ్యాస్‌ను లాక్కుని మళ్ళీ మండిస్తుంది. బండి నిలబడి స్లోలో ఉంటే లాగుడు ఎక్కువ, కాబట్టి వాల్వు దారి సన్నబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే దారి పెరుగుతుంది. మంట వెనక్కి తన్నితే మూసుకుని, నిప్పు చాంబరులోకి పోకుండా ఆపుతుంది.

ఇక పరీక్షలు. బండి ఆరుబయట, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. చేతులు, బట్టలు ఫ్యాను బెల్టుకు దూరంగా ఉంచాలి.

1. ఇంజన్ ఆపి వాల్వు ఊడదీసి ఊపండి. టకటక చప్పుడు రావాలి. రాకపోతే జిడ్డుతో బిగుసుకుపోయినట్టే. చప్పుడు వచ్చినా స్ప్రింగు నీరసించి ఉండొచ్చు, అందుకని ఇదొక్కటే చూసి వదలకూడదు.

2. ఇంజన్ స్లోలో ఉండగా వాల్వును కవరులోంచి పైకి తీసి, మూతి మీద వేలు పెట్టండి. వేలిని గట్టిగా లాగాలి. లాగకపోతే వాల్వో, దాని రబ్బరు పైపో మూసుకుపోయింది.

3. వాల్వుకు శుభ్రమైన పైపు తగిలించి చాంబరు వైపు నుంచి ఊదితే గాలి సులువుగా పోవాలి. రెండో వైపు నుంచి దాదాపు పోకూడదు. నోటితో పీల్చవద్దు, పెట్రోల్ ఆవిరి విషం.

వాల్వు మూసుకుపోతే చాంబరులో ఒత్తిడి పెరిగి సీళ్ళ దగ్గర ఆయిల్ కారుతుంది, ఎయిర్ ఫిల్టరులోకీ చేరుతుంది. తెరుచుకునే ఉండిపోతే స్లోలో ఇంజన్ వణుకుతుంది.

ఇక్కడే అసలు సంగతి. ఆయిల్ కారగానే "బోరు పోయింది, ఇంజన్ విప్పాలి" అంటారు. అద్దెకు కారు నడుపుకునే ఇంటికి ఆ ఖర్చు అప్పే. చిన్న వాల్వు మారిస్తే తీరే జబ్బు కావచ్చు కదా! వాల్వు, పైపు రెండూ బాగుండి కూడా చాంబరులోంచి పొగ దండిగా వస్తుంటే మాత్రం రింగులు అరిగినట్టే, అప్పుడు ఆ పని తప్పదు.

ఈ కాలం కార్లలో చాలావాటికి ఈ వాల్వు కవరులోనే కలిసి ఉంటుంది, ఇలా ఊడదీయలేం. పాత బండి అయితే ఇంజన్ విప్పకముందే అడగండి: "అన్నా, ముందు పి.సి.వి. చూశావా?"