చిన్న ట్రాక్టర్‌కు లోడర్: బలం కన్నా తూకం ముఖ్యం

పండ్లతోటలో చెట్ల వరుసల మధ్య తిరిగే చిన్న ట్రాక్టర్‌కు ముందువైపు హైడ్రాలిక్ బకెట్ బిగిస్తే మట్టి, పశువుల ఎరువు ఎత్తిపోసే శ్రమ చాలావరకు తప్పుతుంది. వెల్డింగ్ షాపులో అలాంటి లోడర్ కట్టించుకోవాలనుకునేవారు ముందుగా అడిగేది ‘ఎంత బరువు ఎత్తుతుంది?’ అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది: ఎంత బరువు వరకు ట్రాక్టర్ నిలకడగా ఉంటుంది?

బలం ఎక్కడి నుంచి వస్తుంది?

మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులా సమానంగా వ్యాపిస్తుంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రమిది. పంపు నూనె పీడనాన్ని 140 బార్లకు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు 140 రెట్లకు పెంచుతుందనుకుందాం. సిలిండర్ లోపలి వ్యాసం 50 మి.మీ. అయితే పిస్టన్ వైశాల్యం 19.6 చదరపు సెం.మీ. దానిపై పడే బలం సుమారు 2,800 కిలోల బరువుకు సమానం. రెండు సిలిండర్లకు 5,600 కిలోలు.

అయితే పిస్టన్ 40 సెం.మీ. కదిలితే బకెట్ 2 మీటర్లు లేవాలి. దూరం 5 రెట్లు పెరిగితే బలం ఐదో వంతుకు తగ్గుతుంది. అయినా 1,100 కిలోలు మిగులుతాయి.

ట్రాక్టర్ ఎంత మోస్తుంది?

ఇప్పుడు 400 కిలోల ట్రాక్టర్‌ను తీసుకుందాం. ఇరుసుల మధ్య దూరం 120 సెం.మీ. ముందు ఇరుసుపై 167 కిలోలు, వెనుక ఇరుసుపై 233 కిలోలు పడుతున్నాయి. ముందు ఇరుసుకు 80 సెం.మీ. ముందున బకెట్, మట్టి కలిపి 200 కిలోలు ఉంటే ముందు ఇరుసుపై భారం 500 కిలోలకు చేరుతుంది. వెనుక 100 కిలోలే మిగులుతాయి. ట్రాక్టర్‌ను నడిపేవి, ఆపేవి సాధారణంగా వెనుక చక్రాలే కనుక అవి జారడం మొదలవుతుంది. బకెట్ బరువు 350 కిలోలకు చేరితే వెనుక చక్రాలు నేల విడుస్తాయి. సిలిండర్లకు ఇంకా బలం మిగిలి ఉండగానే ట్రాక్టర్ ముందుకు ఒరుగుతుందన్నమాట.

వెనుక ఇరుసుకు 60 సెం.మీ. వెనకగా 100 కిలోల దిమ్మె తగిలిస్తే 200 కిలోల బకెట్‌తో కూడా వెనుక భారం 250 కిలోలకు పెరుగుతుంది, ముందు భారం 450కి తగ్గుతుంది. ఒకే దిమ్మె రెండు పనులు చేస్తుంది.

సన్నని సిలిండరే మేలు

వ్యాసాన్ని సగానికి, 25 మి.మీ.కు తగ్గిస్తే వైశాల్యం నాలుగో వంతవుతుంది. ఎత్తే సామర్థ్యం 280 కిలోలకు దిగుతుంది. ట్రాక్టర్ ఒరగకముందే లోడర్ ఆగిపోతుంది. నూనె కూడా తక్కువే కావాలి: నిమిషానికి 10 లీటర్లిచ్చే పంపుతో లావు సిలిండర్లకు 9 సెకన్లు పట్టే పని సుమారు రెండున్నర సెకన్లలో పూర్తవుతుంది. రాడ్ వంగనంత మందంగా ఉండాలి. పీడనం హద్దు దాటితే నూనెను ట్యాంకులోకి మళ్లించే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి.

రెండు జాగ్రత్తలు మరవకూడదు. ముందు ఇరుసు మధ్యలో ఊగేలా ఉంటుంది కాబట్టి బకెట్ పైకెత్తి వాలులో తిరిగితే ట్రాక్టర్ పక్కకు పడవచ్చు. బరువుతో కదిలేటప్పుడు బకెట్ నేలకు దగ్గరగా ఉండాలి. గొట్టం నుంచి సన్నగా చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది; లీకును చేత్తో తడిమి వెతకకూడదు, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.