కుడి అంటే కుడికేనా?

బరువు తొమ్మిది గ్రాములు, పొడవు 23 మిల్లీమీటర్లు. నీలం ప్లాస్టిక్ డబ్బా, దాని నెత్తిన చిన్న తెల్ల చెయ్యి, వెనక మూడు వైర్లు. దీన్ని సర్వో అంటారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు థర్మోకోలుతోనో, ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీటుతోనో చేసే రిమోట్ విమానాల్లో రెక్కల అంచుల్నీ తోకనూ కదిపేది ఇదే. విమానం మొత్తంలో చవకైన సామాన్లలో ఇదొకటి. విమానం బతకడమూ కూలడమూ మాత్రం చాలాసార్లు దీని చేతిలోనే ఉంటుంది.

డబ్బా విప్పితే లోపల ఓ బుల్లి మోటారు, నాలుగైదు పళ్ళచక్రాలు, చెయ్యి ఏ కోణంలో ఉందో కొలిచే పొటెన్షియోమీటర్, ఓ చిన్న సర్క్యూట్ కనిపిస్తాయి. రిసీవర్ నుంచి సెకనుకు యాభైసార్లు ఒక విద్యుత్ పల్స్ వస్తుంది. అది ఒకటిన్నర మిల్లీసెకను నిలిస్తే చెయ్యి మధ్యలో ఉండాలని అర్థం. ఒక మిల్లీసెకనుకు తగ్గితే ఆ చివరకు, రెండుకు పెరిగితే ఈ చివరకు పోతుంది. తనున్న చోటూ ఉండాల్సిన చోటూ కలిసేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది. చెప్పిన చోటికి వెళ్ళడమే దాని పని. చెప్పింది తప్పా ఒప్పా అన్నది దానికి పట్టదు.

ఈ విధేయత ఒక్క రోజులో రాలేదు. 1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా నీళ్ళ తొట్టిలో బుల్లి పడవను రేడియోతో నడిపి చూపించాడు. మోడల్ విమానానికి ఆ విద్య అబ్బడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు 1937లో ‘గఫ్’ అనే విమానాన్ని రేడియోతో ఎగరేశారు. అది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం సొత్తు. ఆ తరం విమానాల్లో చుక్కానిని తిప్పడానికి మెలితిప్పిన రబ్బరు బ్యాండే బలం. నేల మీదున్న మనిషి చేతిలో ఉండేది ఒక్క మీట. ఒకసారి నొక్కితే చుక్కాని కుడికి, వదిలి మళ్ళీ నొక్కితే ఎడమకు. కిందటిసారి ఎటు తిప్పామో గుర్తు లేకపోతే ఇప్పుడు ఎటు తిరుగుతుందో తెలియదు! స్టిక్ ఎంత వంచితే రెక్క అంచు అంతే కదిలే పద్ధతి 1960లలో గానీ స్థిరపడలేదు.

కొత్త సౌకర్యంతో పాటు కొత్త చిక్కూ వచ్చింది. సర్వోను తిరగేసి బిగించినా, దాన్నీ రెక్క అంచునూ కలిపే కడ్డీని సర్వో చేతికి అవతలి పక్క తగిలించినా కదలిక తలకిందులవుతుంది. దాన్ని సరిచేయడానికి చేతిలో ఉండే ట్రాన్స్‌మిటర్‌లో ‘రివర్స్’ అనే మీట పెట్టారు. ఇప్పటి ట్రాన్స్‌మిటర్లు పదిరకాల విమానాల అమరికల్ని గుర్తుపెట్టుకుంటాయి కూడా. నిన్న ఎగరేసిన విమానం పేరు తెర మీద అలాగే ఉండిపోయి, ఇవాళ చేతిలో ఇంకోటి ఉంటే రెక్కల అంచుల్లోని ఎయిలరాన్లు చక్కగా కదులుతాయి, కానీ ఎదురు దిక్కుకు.

మైదానంలో జరిగే తంతు చూడండి. బ్యాటరీ తగిలిస్తారు, స్టిక్‌ను గబగబా నాలుగు వైపులా తిప్పుతారు, ‘ఆడుతున్నాయి, ఓకే’ అని విసిరేస్తారు. కదులుతున్నాయా అన్న ప్రశ్నకే జవాబు దొరికింది. సరైన వైపుకు కదులుతున్నాయా అన్నది ఎవరూ అడగలేదు. గాలికి విమానం కొంచెం కుడికి ఒరుగుతుంది, కుర్రాడు ఎడమకు వంచుతాడు, అది మరింత కుడికి పడుతుంది, వాడు భయంతో ఇంకా ఎడమకు లాగుతాడు. రెండు సెకన్లలో అంతా అయిపోతుంది. ఆ తర్వాత అందరూ గాలిని తిడతారు.

పెద్ద విమానాలు ఈ రెండు ప్రశ్నలకూ ప్రాణాలతో మూల్యం చెల్లించాయి. 1935 అక్టోబర్ 30న ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వారి మోడల్ 299 లేచీ లేవగానే నిట్టనిలువుగా ఎగిసి కూలింది. నేల మీద ఉన్నప్పుడు గాలికి కొట్టుకోకుండా తోక భాగాలకు వేసే తాళం తీయకుండానే బయలుదేరారు. పైలట్ మేజర్ ప్లోయర్ హిల్, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ ఆ ప్రమాదానికి బలయ్యారు. పైలట్ల చెక్‌లిస్టు పుట్టింది ఆ బూడిదలోంచే. రెండో ప్రశ్నకు జవాబు 1947 ఆగస్టు 23న ఇంగ్లండ్‌లోని వుడ్‌ఫర్డ్‌లో దొరికింది. రాత్రి మరమ్మతుల్లో ఆవ్రో ట్యూడర్ ఎయిలరాన్ తీగలు అటువి ఇటు, ఇటువి అటు బిగిసిపోయాయి. అవి కదిలాయి, తలకిందులుగా. చనిపోయినవారిలో లాంకాస్టర్ బాంబర్‌ను తీర్చిదిద్దిన రాయ్ చాడ్విక్ కూడా ఉన్నాడు. తను గీసిన విమానంలోనే పోయాడు.

నల్లమల చుట్టూ బతికేవాళ్ళకు మరో తేదీ చెప్పక్కర్లేదు: 2009 సెప్టెంబర్ 2. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ పావురాలగుట్ట దగ్గర కూలి, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించారు. తీవ్రమైన కిందిగాలిలో చిక్కి అదుపు తప్పిందని విచారణ కమిటీ తేల్చింది. ఆ నివేదికలో నన్ను పట్టి నిలిపేసే సంగతి మరొకటుంది. ఆ చెడు వాతావరణంలో, కూలడానికి ముందు, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ విషయమై ఏం చేయాలో చెక్‌లిస్టులో వెతకడంలోనే పైలట్లకు ఆరు విలువైన నిమిషాలు గడిచిపోయాయి. అనుభవజ్ఞులకే గాలిలో కాగితం తిప్పే తీరిక లేకపోతే, పదంతస్తుల ఎత్తులో బొమ్మ విమానం తిప్పే కుర్రాడికి ఎక్కడ ఉంటుంది? తీరిక నేల మీదే ఉంది.

పద్ధతి ఇదీ. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేయాలి, తర్వాతే విమానం బ్యాటరీ తగిలించాలి. ఆపేటప్పుడు ఇది తిరగబడుతుంది. తెర మీద విమానం పేరు చదవాలి. విమానం వెనక, దాని ముఖం ఎటుందో అటే చూస్తూ నిలబడాలి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారై బుర్ర మోసపోతుంది. స్టిక్ కుడికి వంచితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. పైకి లేచిన వైపు గాలి ఎత్తే బలం తగ్గి ఆ రెక్క వాలుతుంది, అందుకే విమానం కుడికి ఒరుగుతుంది. స్టిక్ మన వైపుకు లాగితే తోక మీది ఎలివేటర్ లేవాలి. ‘స్టిక్ కిందికి, ఎలివేటర్ కూడా కిందికి’ అనుకుని తప్పు అమరికనే ఒప్పనుకునేవాళ్ళు కొత్తవాళ్ళలో ఎందరో. చుక్కాని, అంటే రడ్డర్, కుడికంటే కుడికే. కళ్ళతో చూస్తే చాలదు, ‘కుడి లేచింది, ఎడమ దిగింది’ అని పైకి అనాలి. పక్కన మరొకరు విని తలూపితే ఇంకా మంచిది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఇంకో పని కూడా ఉంది. మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో విమానం ఉంచితే హాట్ గ్లూ మెత్తబడుతుంది. దానితో అతికించిన సర్వో కదిలిపోతుంది, రెక్క అంచుకున్న కొక్కెం వాలుతుంది. పొద్దున సరిగ్గా ఉన్నది మధ్యాహ్నానికి ఉండదు. అందుకని ఒక్కో ఎయిలరాన్‌ను వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూడాలి. పలకరాయి గనుల దారిలో దుమ్ము తక్కువేం కాదు. అది లోపల చేరి, చెయ్యి నిలకడగా ఉండక వణికే సర్వోను శుభ్రం చేస్తూ కూర్చోవద్దు, మార్చేయండి.

చివరి పరీక్ష అంటే చాలామందికి బద్ధకం. ప్రొపెల్లర్ విప్పి, మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయాలి. సిగ్నల్ తెగగానే మోటారు ఆగిపోవాలి. ఆగకపోతే ఆ విమానాన్ని ఆ రోజు ఎగరేయకూడదు. ఈ ఒక్క విషయంలో బేరాల్లేవు.

ఎక్కడ ఎగరేయాలన్నదీ ముందే తేల్చుకోవాలి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులే హద్దు. డిజిటల్ స్కై పటంలో మీ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం, విమానం ముక్కు అటు తిప్పకండి. ఇక ఈసారి మీ వీధి పిల్లలెవరైనా విమానం చేసి తెస్తే ‘ఎగరెయ్యరా చూద్దాం’ అని తొందరపెట్టకండి. వెనక నిలబడి స్టిక్ కుడికి వంచమనండి. ఏ వైపు లేచిందో వాళ్ళనే చెప్పమనండి.