సత్యజిత్ రే చదివిన బొమ్మల బడి!

సత్యజిత్ రే పేరు చెప్పగానే సినిమా కుర్రాళ్ళకి కెమెరా గుర్తొస్తుంది. నాకు మాత్రం కుంచె గుర్తొస్తుంది! ఆ మహానుభావుడు ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చదవలేదు మరి. చదివింది బొమ్మల బళ్ళో. అదీ పూర్తిగా కాదు... అయిదేళ్ళ కోర్సులో రెండున్నరేళ్ళుండి, సర్టిఫికెట్టు చేతికి రాకుండానే వచ్చేశారు. ఆ బడి శాంతినికేతన్‌లోని కళాభవన్. విశ్వభారతి విశ్వవిద్యాలయంలో భాగం.

"బొమ్మలేస్తే కూడెవడు పెడతాడ్రా?" అని ఇంట్లో చివాట్లు తింటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇక్కణ్ణించి కాస్త నిదానంగా చదవాలి.

1901లో రవీంద్రనాథ్ ఠాగూర్ అయిదుగురు పిల్లలతో బడి పెట్టారు. 1919లో దానికి కళాభవన్ తోడైంది. (అన్నట్టు, ఆ ఏడాదే ఆయన మన మదనపల్లె వచ్చి 'జనగణమన'ని ఇంగ్లీషులోకి మార్చారు.) 1921లో విశ్వభారతి అయింది, 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. తేదీలు ఇంతటితో చాలు. అసలు హీరో మాస్టారు నందలాల్ బోస్!

ఈయన దగ్గర పాఠమంటే గదిలో కూచుని నకలు దించడం కాదు. చెట్టు దగ్గరికెళ్ళి చెట్టుని చూడాలి. నాటకం వేస్తే రంగస్థలం అలంకరించాలి. పండగొస్తే నేల మీద ముగ్గు వెయ్యాలి. గోడ దొరికితే గోడ మీదా బొమ్మే! మట్టితో కట్టి, తారు పూసి, గోడల నిండా బొమ్మలు దిద్దిన 'నల్ల ఇల్లు' విద్యార్థుల హాస్టలంటే నమ్ముతారా? మన రాజ్యాంగం అసలు ప్రతికి పుటల అలంకారం చేసింది కూడా ఈ మాస్టారూ, ఆయన శిష్యులే.

రే 1940లో ఇష్టం లేకుండానే అక్కడికెళ్ళారు. కలకత్తాలో హాలీవుడ్ సినిమాలు మరిగిన కుర్రాడికి ఆ పల్లెటూరు ఏం నచ్చుతుంది! తల్లి పోరితే వెళ్ళారు. ఆయన అక్కడుండగా 'సిటిజన్ కేన్' కలకత్తాకి వచ్చి వెళ్ళిపోయింది కూడా. పాపం! అయితే లైబ్రరీలో సినిమా మీద పుస్తకాలు దొరికాయి. అజంతా, ఎల్లోరా చూసొచ్చారు. 1943లో ఒక ప్రకటనల కంపెనీలో నెలకి 80 రూపాయల ఉద్యోగం దొరికిందంటే ఆ చేతి విద్య వల్లే. ఆ తరవాత 'పథేర్ పాంచాలి' తియ్యడానికి పూనుకున్నప్పుడు, అచ్చమైన స్క్రిప్టు బదులు ఆయన చేతిలో ఉన్నది బొమ్మల పుస్తకం. ఏ షాటు ఎలా ఉండాలో గీసి పెట్టుకున్నారన్నమాట.

అక్కడ ఆయన గురువుల్లో ఇంకొకరు బినోద్ బిహారీ ముఖర్జీ. పుట్టుకతోనే చూపు తక్కువ. 1950ల్లో ఆపరేషన్ తరవాత ఆ కాస్తా పోయింది. చూపు పోయిన చిత్రకారుడు ఏం చేస్తాడు? ఈయన కాయితాలు కత్తిరించి బొమ్మలు చేశారు, గోడకి పలకలతో చిత్రం కూర్చారు. శిష్యుడు రే 1972లో ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. నేను రెండుసార్లు చూశాను. ఆ వేళ్ళు తడుముకుంటూ పని చేస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

రామ్‌కింకర్ బైజ్‌ది మరో దారి. మంగలి కుటుంబంలో పుట్టిన మనిషి. కంచు కొనే స్తోమతు ఎక్కడిది? 1938లో సిమెంటూ ఎర్ర కంకరా కలిపి 'సంథాల్ కుటుంబం' నిలబెట్టారు. ఆరుబయట ఇప్పటికీ ఉంది. ఆయన మీద ఋత్విక్ ఘటక్ 1975లో సినిమా మొదలెట్టి, పూర్తి కాకుండానే 1976లో కన్నుమూశారు.

ఇంతవరకూ పేరున్నవాళ్ళ కథ. పేరు రానివాళ్ళ కథ మూడు కిలోమీటర్ల అవతల ఉంది. 1922లో లియోనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లీషాయన సాయంతో ఠాగూర్ శ్రీనికేతన్ పెట్టారు. అక్కడి శిల్పభవన్‌లో మగ్గం, వడ్రంగం, తోలుపని, కుండల పని. ఠాగూర్ కొడుకు రథీంద్రనాథ్ అమెరికాలో వ్యవసాయం చదివొచ్చి, తను కూడా చెక్కా తోలూ పట్టుకుని కూచునేవారు. ఆయనా, భార్య ప్రతిమాదేవీ పూనుకోబట్టే తోలుమీద బాతిక్ పని అక్కడ స్థిరపడింది. రంగురంగుల శాంతినికేతన్ తోలు సంచీ ఉందే, అది ఈ చలవే! నన్నడిగితే శ్రీనికేతన్‌కి అన్యాయం జరిగిందంటాను. కుంచె పట్టినవాడి పేరు పుస్తకాల కెక్కింది, సంచీ కుట్టినవాడి పేరు సంచీ మీద కూడా లేదు. పల్లెలన్నీ సొంత కాళ్ళ మీద నిలబడాలన్న ఠాగూర్ కల సగంలోనే ఉండిపోయింది.

ఠాగూర్‌గారికీ ఓ ఫ్లాపు ఉందండోయ్! 1932లో కలకత్తా న్యూ థియేటర్స్‌లో తన నాటకం 'నటీర్ పూజ'ని శాంతినికేతన్ పిల్లలతో, స్వీయ దర్శకత్వంలో సినిమాగా తీశారు. స్టేజీ మీద ఆడినట్టే తీసేశారు. జనం చూళ్ళేదు. ఆ తరవాత నెగెటివు కూడా అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

చూడాలనుకునేవాళ్ళు బోల్పూర్ స్టేషన్లో దిగాలి. నందలాల్ పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు 1, 2 తేదీల్లో కళాభవన్‌లో 'నందన్ మేళా' జరుగుతుంది. 1973 నించీ ఉన్న ఆనవాయితీ. విద్యార్థులూ మాస్టార్లూ చేసిన బొమ్మలు, కుండలు, క్యాలెండర్లు అక్కడే అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి వెళుతుంది.