చలికాలపు కూరమడి, వానాకాలపు పెంటకుప్ప

ఎల్లారెడ్డి ప్రాంతమున కూరగాయలకు హితమైన చలి ఎంతో కాలముండదు. స్వాతి కార్తెలో, అనగా అక్టోబరు నెలాఖరున, రాత్రులు చల్లబడ మొదలిడును. మహాశివరాత్రి వచ్చుసరికి ఎండ ముదురును. ఈ నడుమ నాలుగు మాసములే క్యాబేజి, కాలీఫ్లవరు, ముల్లంగి, క్యారెట్టు, పాలకూర, మెంతికూర, కొత్తిమీరలకు మనకు దొరకు అదను. టమాట, వంగ, చిక్కుడు ఇతర ఋతువులందును పెరుగునుగాని వాని నిండు కాపు ఈ దినములందే చూడవలెను.

నాలుగు మాసముల ఈ పంటకు కావలసిన ఎరువు తయారగుటకు మూడు మాసములు పట్టును. పెరటి సాగులో మనవారు తరచుగా మరచు లెక్క ఇదియే. దీపావళి వెళ్లగనే నారు కొరకు పరుగెత్తువారు చాలమంది కలరు. ఆ నారు నాటు మడికి ఏమి వేయవలెనని ఆషాఢ శ్రావణములందు ఆలోచించువారు తక్కువ. తీరా సమయము వచ్చినపుడు కొట్టము ప్రక్కనున్న పచ్చి పేడను, సగము చివికిన గడ్డిని తెచ్చి మడిలో గుమ్మరింతురు. దానివలన మేలుకంటె కీడే ఎక్కువ.

ఆ కీడు ఎట్టిదో కొంచెము వివరింపవలెను. వరిగడ్డిలో కర్బనము విస్తారము, నత్రజని స్వల్పము. సుమారు 80 పాళ్లకు ఒక పాలు. గడ్డిని చివికించు సూక్ష్మజీవులు తమ వృద్ధికి నత్రజనిని కోరును. గడ్డిలో అది చాలనందున నేలలో ఉన్నదానినే లాగుకొనును. మొక్కకు మిగులునది లేక, ఆకులు పసుపుబారి, ఎదుగుదల నిలిచిపోవును. ఎరువు వేసినను ఫలము లేదని గృహస్థు విసుగుకొనును. నిజమునకు ఆయన వేసినది ఇంకను ఎరువు కాలేదు. పచ్చి పేడతో చెదలును, పశువు మేసిన కలుపు గింజలును మడికి చేరును. క్యారెట్టు, ముల్లంగి దుంపలు అట్టి మడిలో చీలి వంకరలు పోవును.

తెలంగాణమున చివికిన పశువుల ఎరువును పెంట యనుటయే వాడుక. కోస్తా సోదరులకు ఈ మాట మరియొక విధముగా వినిపించును గాని, మన రైతునకు ఇది గౌరవమైన మాటయే.

ఈ పెంటను శాస్త్రీయముగా తయారు చేయుటకు మన దేశముననే రెండు ప్రసిద్ధ పద్ధతులు పుట్టినవి. ఇండోరు నగరమున ఆల్బర్ట్ హోవార్డు, యశ్వంత్ వాడ్ అను శాస్త్రజ్ఞులు పొలములోని చెత్తను పేడతో పొరలు పొరలుగా పేర్చి, పలుమార్లు తిరుగవేసి, మూడు మాసములలో ఎరువు చేయు విధానమును రూపొందించి 1931లో గ్రంథముగా ప్రకటించిరి. 1939లో బెంగుళూరున సి. ఎన్. ఆచార్య రూపొందించిన పద్ధతిలో గుంత నింపి పైన మట్టితో మెత్తి విడిచిపెట్టుటయే. తిరుగవేయు శ్రమ లేదు, కాని ఆరు మాసములు, ఒక్కొక్కపుడు ఎనిమిది మాసములు ఓపిక పట్టవలెను. చలికాలపు కూరమడిని ఉద్దేశించి వానలలో పని మొదలిడువారికి ఇండోరు పద్ధతియే తగినదని నా అభిప్రాయము.

అయితే ఒక చిక్కు కలదు. మన వానలు చాలవరకు జూను మొదలు సెప్టెంబరు లోపలనే కురియును. ఆ దినములలో గుంత తీసినచో నీరు నిలిచి, గాలి ఆడక, చెత్త చివుకుటకు మారుగా కుళ్లి కంపు కొట్టును. హోవార్డు కూడ వానాకాలమున గుంతలను విడిచి నేలమీదనే కుప్పలు వేయించెను. కావున జులై మాసమున మిట్టనేల చూచి, చెట్టునీడన, 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తున కుప్ప వేయవలెను. అడుగున కందికట్టె, పత్తికట్టె వంటివి పరచిన గాలి దూరును. దానిపై జానెడు మందమున గడ్డి, ఎండుటాకులు, గింజ పట్టని కలుపు. దానిపై రెండంగుళముల పేడ. ఆపై చేరెడు బూడిద, పిడికెడు పాత పెంట. ఈ విధముగ పొరలు పేర్చి, ప్రతి పొరను పేడనీటితో తడుపవలెను. వంటింటి తొక్కలు, కూరల చెక్కులు నిరభ్యంతరముగ వేయవచ్చును. నూనె వంటకములు, మాంసము, ప్లాస్టిక్ సంచులు తగవు.

కుప్ప సరిగా కుదిరినచో కొద్ది దినములలోనే లోపల 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి పుట్టును. కలుపు గింజలను చంపునది ఈ వేడియే. ఒక గడ్డపారను కుప్పలోనికి దించి కొంతసేపటికి తీసి ముట్టి చూడుడు. చేయి నిలువనంత వేడి ఉన్నచో పని సాగుచున్నది. చల్లగానున్నచో తేమయో పేడయో చాలలేదని గ్రహింపవలెను. పిడికెట పట్టి పిండినపుడు వ్రేళ్ల సందున తడి కనబడి, ధారగా కారకుండుటయే తగిన తేమ. పదునైదవ దినమున ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు మరియొకసారి తిరుగవేయవలెను. జడివానలో తాటాకులో, పట్టాయో కప్పనిచో సారమంతయు కొట్టుకొనిపోవును. అక్టోబరునాటికి కుప్ప సగమునకు కుంగి, నల్లనై, తొలకరి మట్టివాసన వేయును.

అయిదుగురున్న సంసారమునకు రెండు గుంటల నేల కూరలకు చాలును. ఎకరమునకు పది టన్నుల చొప్పున లెక్క వేసినను ఈ నేలకు కావలసినది 500 కిలోలు. పైని చెప్పిన కుప్ప దానిని సులభముగ ఈయగలదు. దీనిలోని నత్రజని రెండున్నర కిలోలు మాత్రమే. ఆ మాత్రము అయిదారు కిలోల యూరియాలోనే కలదని ఎవరైన అనవచ్చును. అది సత్యమే. కాని మన చల్క నేలలు నీరు పోసిన మరునాటికే ఆరిపోవును. ఆ నేలకు తేమను నిలుపుకొను గుణమునిచ్చునది పెంటయేగాని యూరియా కాదు.

చల్కలకు చెరువు ఒండ్రు కూడ మంచి మందు. 2015 మార్చిలో మన పొరుగుననే సదాశివనగరులో ప్రారంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలములకు తోలుకొనిరి. రేగడి నేల గలవారికి ఒండ్రు అనవసరము. వారు పెంట వేసిన చాలును.

కుప్ప వేయకయే చలికాలము ఎదురైనవారు పాత పెంటకుప్పను పైపైన గీరక అడుగునుండి తవ్వి, జల్లించి, మడి అంతట చల్లుటకు మారుగా పాదుకు పిడికెళ్ల చొప్పున వేసికొనవచ్చును. పచ్చి పేడను మాత్రము ముట్టవలదు.

విత్తనము విషయమున కాలీఫ్లవరు కడు పేచీ పెట్టును. ముందు కాలపు రకమును ఆలస్యముగ నాటినచో పువ్వు బొత్తాము వలె చిన్నదై నిలుచును; గట్టి చలి కోరు రకమును మన ఎడల నాటినచో ఆకులే పెరుగును. దుకాణములో రకము పేరు, నాటు నెల అడిగి తెలిసికొని కొనవలెను. నారు నాలుగు వారములది కాగానే సాయంకాలమున నాటవలెను. ముల్లంగికి నారు అక్కరలేదు, 45 దినములలో చేతికి వచ్చును. మెంతి, పాలకూరలను ఒక్కసారి చల్లక పదునైదు దినములకొక మడి చొప్పున చల్లినచో ఇంటికి ఎడతెగక కూర దొరకును. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లవలెను.

మబ్బు, మంచు పట్టిన దినములలో చిక్కుడు తీగకు పేనుబంక చేరును. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పలుకులు నూరి, రాత్రి నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంత్రము చల్లిన అదుపులోనికి వచ్చును.

నవంబరులో వరి కోతలు ముగిసి, యంత్రము విడిచిన గడ్డికి పొలములలో నిప్పు పెట్టుదురు. ఆ గడ్డిలో రెండు మోపులు ఇంటికి తెచ్చి కప్పి ఉంచుడు. కొంత ఇప్పుడే మొక్కల మొదళ్ల చుట్టు పరచినచో తడి ఆరదు. తక్కినది ఫిబ్రవరిలో పీకివేయు క్యాబేజి మోళ్లు, చిక్కుడు తీగలతోపాటు గుంతకు చేరవలెను. అప్పటికి వానల భయముండదు గనుక మూడడుగుల గుంత తీసి నింపి, మట్టితో మెత్తి, వేసవి మధ్యలో ఒకటి రెండుసార్లు బిందెలతో నీరు పోయవలెను. వానలకు ముందే దానిని తీసి మిట్టపై కుప్ప చేసినచో ఆషాఢమున వేయు క్రొత్త కుప్పకు కావలసిన పాత పెంట అందులోనుండియే దొరకును.