పాముగారి భోజనం!

చిల్కూరు అనగానే వీసా బాలాజీ గుర్తొస్తాడు. అక్కడే మృగవని జాతీయ పార్కూ ఉంది. ఆ అడవిలో జింకలే కాదు, జెర్రిపోతులూ ఉన్నాయి. ఆకలేస్తే ఎలుకను వెతుక్కుంటాయి. దొరక్కపోతే రోజుల తరబడి పస్తుంటాయి.

అదే పాము పెట్టెలో ఉంటే? కొందరు పాలు పోస్తారు. పాముకు పాలు అరగవు. పోనీ అని బతికున్న ఎలుకను వదిలితే పాముకే ముప్పు. ఆకలి లేని పాము కదలకుండా పడుంటుంది. ప్రాణభయంతో ఉన్న ఎలుక దాని ఒళ్లూ కళ్లూ కొరికేస్తుంది. ఆ గాయం చీముపట్టి పాము చనిపోవచ్చు. పారిపోయే దారిలేని ఎలుకదీ నరకయాతనే.

అందుకే విదేశాల్లో పాముల్ని పెంచేవాళ్లు ఎక్కువగా బాధ తెలియకుండా చంపి, ఫ్రీజర్లో నిల్వచేసిన ఎలుకల్నే వాడతారు. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మంచు కరగనిస్తారు. తర్వాత వేడినీళ్లతో వెచ్చబరుస్తారు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టరు. పాము ఒంటి లావుకు కాస్త అటూఇటూగా ఉన్న ఎలుకను పొడవాటి పట్టకారుతో అందిస్తారు. తిన్నాక రెండురోజులు పామును ముట్టుకోరు. కదిపితే కక్కేస్తుంది మరి! ఇంట్లో బోనులో పడ్డ ఎలుకైతే అస్సలు పనికిరాదు. అది ఎలుకల మందు తిని ఉంటే పాముకూ విషమే.

మనదగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడి పాముల్ని పట్టి పెంచుకోవడం నేరం. ఇంట్లోకి వస్తే అటవీశాఖకో, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో చెబితే చాలు. చేలో జెర్రిపోతు కనిపిస్తే కర్ర తీయకండి. దానికి విషం లేదు. దాని భోజనం అదే చూసుకుంటుంది, మీ గింజల్నీ కాపాడుతుంది!